ప్యాకేజింగ్ అంటే సర్దిపెట్టడం కాదు
డెబియన్ అంటే వలంటీర్లు నడిపే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ప్యాకేజింగ్ (ఒక సాఫ్ట్‌వేర్‌ని డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేలా సిద్ధం చేయడం) అంటే వేరేవాళ్లు రాసిన కోడ్‌ని సర్దిపెట్టడమేనని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట నేను ఒప్పుకోను. బెంగళూరులో మా రూమ్‌లో ఉండే తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చాక చేసేది ఈ ప్యాకేజింగ్ పనే, రోజూ చూస్తున్నాను. మొన్న ఒక చిన్న పైథాన్ లైబ్రరీ తీసుకుని ప్రతి ఫైలూ తెరిచి, ఏది ఏ లైసెన్స్ కిందికి వస్తుందో కాపీరైట్ ఫైల్లో ఎక్కించాడు. లోపల కుదించిన జావాస్క్రిప్ట్ ఫైలొకటి బయటపడింది, దాని అసలు సోర్స్, అంటే మనుషులు చదివి మార్చుకోగలిగే కోడ్, లేదు. సోర్స్ లేనిదాన్ని డెబియన్ తన ప్రధాన భాగంలోకి తీసుకోదు. లైబ్రరీ రాసినాయనకు మెయిల్ పెట్టి, చివరికి ఆ ఫైలు తీసేసి మళ్లీ బిల్డ్ చేశాడు, అంటే సోర్స్ నుంచి ప్యాకేజీని తయారుచేశాడు. పైగా బిల్డ్ మధ్యలో ఇంటర్నెట్ నుంచి ఏదీ దింపుకోకూడదు. కావాల్సినది డెబియన్‌లో లేకపోతే ముందు దాన్ని ప్యాకేజీ చేయాలి. 1993లో మొదలైన డెబియన్ ఈనాటికీ నిలబడింది ఇలాంటి వలంటీర్ల వల్లే. దాన్ని సర్వర్లలో వాడుకునే ఇక్కడి కంపెనీలు వారానికి ఒక పూటైనా ఈ పిల్లల్ని ఆ పనికి వదలాలి.