అభ్యాసకుడుగారి ఆచూకీ

దూరవిద్య పీజీ పుస్తకం ఏది తెరిచినా నాలుగైదు పేజీలకోసారి ఒక చిన్న ప్రశ్న, దాని కింద నాలుగు చుక్కల గీతలు కనిపిస్తాయి. పైన ఒక సూచన: "మీ జవాబును కింద ఇచ్చిన ఖాళీలో రాయండి. యూనిట్ చివర ఉన్న జవాబుతో సరిచూసుకోండి." ఆ ఖాళీలో జవాబు రాసిన మనిషి ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. అయినా విశ్వవిద్యాలయాలకు ఆయన మీద నమ్మకం చెక్కుచెదరలేదు. ముద్రణ మారినా ఆయనకోసం గీతలు వేయిస్తూనే ఉన్నాయి. పుస్తకాల్లో ఆయన పేరు అభ్యాసకుడు. అచ్చులో ఇంత బుద్ధిమంతుడైన పాత్ర మరొకటి లేదని సాహిత్య విమర్శకులు ఇప్పటికైనా గుర్తించాలి.

పాత్ర ఊరికే పుట్టింది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు పెట్టి పాఠాలు పోస్టులో పంపింది. పోస్టులో వచ్చిన పాఠం చదివేవాడు ఒకడుండాలి కదా! 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో. స్వీడన్ పండితుడు బోర్యె హోల్మ్‌బెర్గ్ అయితే దూరవిద్య పాఠం గురువు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండాలని ఏకంగా సిద్ధాంతమే చేశారు. అందుకే మన పుస్తకాలు మాట్లాడతాయి. "గత యూనిట్‌లో మీరు తెలుసుకున్నారు కదా" అని పలకరిస్తాయి. తెలుసుకోలేదు. గత యూనిట్ ఇంకా పార్సిల్‌లోనే ఉంది. కానీ పుస్తకం మర్యాదస్థురాలు, నిలదీయదు.

ఇక అభ్యాసకుడి ఎన్‌రోల్‌మెంట్ నంబరు మీద ఫీజు కట్టి తిరిగే అసలు మనిషి ఒకడున్నాడు. అతణ్ణి మనవాడు అందాం.

చేరడం దగ్గరే ఇద్దరి దారులూ చీలతాయి. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అదే యూజీసీ వారి దూరవిద్యా విభాగం (పొట్టిగా డెబ్) ఐడీ కావాలి. దానికి ముందు విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమచేసే క్రెడిట్ బ్యాంకు ఐడీ, దానికి వెనక ఆధార్. అభ్యాసకుడికి అన్నిట్లోనూ ఒకే పేరు ఉంటుంది. మనవాడి ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, డిగ్రీలో రెండు పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తి పేరు, అదీ చివర్న. ముగ్గురు మనుషులు ఒకే ఫొటోతో దరఖాస్తు పెట్టినట్టుంటుంది. ఐడీ తీసుకోకముందే సరిచేయించుకుంటే పోయేది. "తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ తర్వాత అనేది సరిగ్గా పట్టా అచ్చయ్యే రోజున వస్తుంది. చేరేముందు ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి గుర్తింపు ఉందో లేదో డెబ్ జాబితాలో చూడటం అభ్యాసకుడి అలవాటు. మనవాడు బ్రోషర్ మీద గోపురం బొమ్మ చూస్తాడు.

అభ్యాసకుడి దినచర్యకు లెక్క కడితే కళ్లు తిరుగుతాయి. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల రెండేళ్ల పీజీని నాలుగు సెమిస్టర్లకు పంచండి: సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు, 600 గంటలు. చేతిలో 180 రోజులుంటే రోజుకు 3 గంటల 20 నిమిషాలు. ఆదివారాలూ, జ్వరాలూ, ఆఫీసులో ఆడిట్లూ అన్నీ ఇందులోనే. ఒక రోజు ఎగ్గొడితే మర్నాడు 6 గంటల 40 నిమిషాలు. వారం ఎగ్గొడితే బాకీ 23 గంటల 20 నిమిషాలు. దీన్ని ఒక్క రోజులో తీర్చేయవచ్చు, ముఖం కడుక్కోవడానికి 40 నిమిషాలు మిగులుతాయి కూడా. మనవాడు మొదటి మూడు నెలలు ఈ సౌలభ్యాన్ని నమ్ముకునే గడుపుతాడు. పైగా 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవవచ్చంది, రెండూ దూరవిద్యలో అయినా సరే. అభ్యాసకుడికి ఇది శుభవార్త. ఉద్యోగం నుంచి వచ్చి రోజూ 6 గంటల 40 నిమిషాలు చదువుకుంటాడు. (ఇంత నిగ్రహం ఉన్నవాడికి పీజీ దేనికో అడగకండి. సిలబస్‌లో లేదు.)

అసైన్‌మెంట్ల దగ్గర కాస్త ఆగాలి. శాస్త్రం ప్రకారం దూరవిద్యకు తరగతి గది ఇదే. అభ్యాసకుడు సొంతంగా జవాబు రాస్తాడు, అధ్యయన కేంద్రంలో పాఠం చెప్పే కౌన్సిలర్ మార్జిన్‌లో తప్పొప్పులు చెప్పి వెనక్కి ఇస్తాడు, అభ్యాసకుడు చదివి దిద్దుకుంటాడు. నూటికి 30 మార్కులు దీనికే, 70 చివరి పరీక్షకు. మనవాడు గడువు నాలుగు రోజులుందనగా ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టిన జవాబుల పీడీఎఫ్ సంపాదిస్తాడు. ఐదు వందల మాటల జవాబు చేత్తో ఎత్తిరాయడానికి అరగంట పైమాటే. అలాంటివి పేపరుకు ఐదారు, పేపర్లు నాలుగైదు. ఎత్తిరాయడంలో మాత్రం అతని చిత్తశుద్ధిని శంకించలేం. మూలంలో "పై పటంలో చూపినట్టు" అని ఉంటే తూచా తప్పకుండా అదీ రాస్తాడు, పైన పటం లేకపోయినా. మూలకర్త ఒక వాక్యం రెండుసార్లు టైపు చేసి ఉంటే ఆ వాక్యం ఆ సెంటరులో నలభై మంది చేతిరాతల్లో రెండేసి సార్లు కనిపిస్తుంది.

ఇంత చేసీ చాలామంది బోల్తా పడేది ఒక్కచోట. ప్రశ్నలు మారుతుంటాయి. పీడీఎఫ్ పోయినేడాదిది. ఇన్ని పేజీల శ్రమదానం బూడిదలో పోసిన పన్నీరు. ప్రశ్నపత్రం మొదటి పేజీలో అది ఏ విడత చేరినవాళ్లదో ఆ నెల, సంవత్సరం ముద్దక్షరాల్లోనే ఉంటాయి, కానీ మొదటి పేజీని చదవాల్సిన పేజీగా మనవాడు ఏనాడూ పరిగణించలేదు. మిగతావి చిల్లర ప్రమాదాలు: కవరు పేజీ మీద కోర్సు కోడ్ లేకపోవడం, రెండు పేపర్లు కలిపి ఒకే పిన్ను కొట్టడం, జిరాక్సు తీసి దాచుకోకపోవడం.

దిద్దిన కాగితాలు చేతికొస్తే, అదే పెద్ద మాట, పేజీకో టిక్కు, చివర "బాగుంది". టిక్కు పొడవును బట్టి ఆ రోజు కౌన్సిలర్ ముందున్న కట్ట ఎంత మందమో అంచనా వేయవచ్చు. ఆయన్నీ అనలేం, అదే వాక్యం నలభయ్యోసారి చదువుతున్నాడు. ఆ మార్కులు అధ్యయన కేంద్రం నుంచి ప్రాంతీయ కేంద్రానికి, అక్కణ్ణించి ప్రధాన కార్యాలయానికి ప్రయాణం కడతాయి. మధ్యలో ఎక్కడ దిగిపోయినా, పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినా సరే, గ్రేడ్ కార్డు మీద ఆ పేపరు "పూర్తి కాలేదు" అనే ఉంటుంది. అప్పుడు అక్కరకొచ్చేది అసైన్‌మెంటు ఇచ్చిననాటి రసీదు. మనవాడు దాన్ని ఫోన్‌లో ఫొటో తీశాడు. ఆ ఫోన్ మార్చేశాడు.

పరీక్ష ఫారం సంగతి క్లుప్తంగా: పరీక్షకు నెలల ముందే నింపాలి. అంటే పుస్తకం తెరవకముందే పరీక్ష రాస్తానని లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ మళ్లీ వేరే. మొదటి ఏడాది ఫలితాలు వచ్చాక కడదామని ఆగినవాళ్లు ఫలితాలతోపాటు గడువు దాటిన కబురూ వింటారు. పాసైనా ఫెయిలైనా దానికి సంబంధం లేదు, కట్టాల్సిందే.

పరీక్ష హాల్లో మూడు గంటలు, ఐదు జవాబులు, జవాబుకు 36 నిమిషాలు. ఏళ్ల తరబడి బొటనవేళ్లతో తప్ప రాయని చెయ్యి రెండో జవాబుకే మొరాయిస్తుంది. మొదటిది ఏడు పేజీలు, రెండోది నాలుగు, ఐదోది "పాయింట్లు మాత్రమే". సమాధానపత్రాన్ని పక్కనుంచి చూస్తే మెట్లదారిలా ఉంటుంది. వారం ముందు రోజుకో జవాబు గడియారం పెట్టుకుని రాసి చూస్తే సరిపోయేది. అందుకే కదా పుస్తకంలో ఆ నాలుగు గీతలు.

ప్రాజెక్టు ఉన్న కోర్సయితే సినాప్సిస్, అంటే ముందుగా పంపే ప్రాజెక్టు ప్రణాళిక, చాలాసార్లు తిరిగొచ్చేది అంశం బాగోలేక కాదు. గైడ్ బయోడేటా మీద గైడ్ సంతకం ఉండదు, లేదా గైడ్‌కు ఆ సబ్జెక్టులో కావాల్సిన అర్హతే ఉండదు.

ఇగ్నోలో రెండేళ్ల ఎం.ఏ.కు గరిష్ఠంగా నాలుగేళ్లు ఇస్తారు. నాలుగో ఏట, ఆఖరి అవకాశంలో, మనవాడు గట్టెక్కుతాడు. పట్టా వచ్చాక అటక మీది పుస్తకాలు దింపి తర్వాతి బ్యాచ్ కుర్రాడికి ఇస్తూ, "ఒక్క గీత కూడా పడలేదు తమ్ముడూ, కొత్తవాటి కిందే లెక్క" అంటాడు గర్వంగా. అన్నమాట పూర్తిగా నిజం కాదు. మూడో బ్లాకులో ఒకచోట, "మీ జవాబును కింద ఇచ్చిన ఖాళీలో రాయండి" అన్న సూచన కింద, మొదటి గీత మీద నీలిసిరాతో పది అంకెలున్నాయి. అధ్యయన కేంద్రం ఫోన్ నంబరు. రెండో గీత మీద చిన్న అక్షరాలతో: "ఎత్తరు".