ధర పక్కన వెలసిన నక్షత్రం గారికి

మహారాజశ్రీ నక్షత్రం గుర్తు (*) గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. పండగ సేళ్ల పుణ్యమా అని తమరు మొదటి పేజీ ప్రకటనల్లో, ధరల భుజాలెక్కి, సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నేనెవరో తమరికి తెలిసే అవకాశం లేదు. చుట్టాల్లో ఎవరు ఫోన్ కొనాలన్నా "వాణ్ని అడగండి" అంటారే, అలాంటి వాళ్లలో ఒకణ్ని. ఈసారి అడిగింది మా చిన్నమ్మ. తెనాలి అవతల పల్లె, జాకెట్లు కుడుతుంది. ఇన్నేళ్లూ బటన్ ఫోన్‌తోనే నెట్టుకొచ్చింది. ఇప్పుడేమో కుట్టుకూలి ఫోన్‌పేలో కొడతామంటున్నారు, మెడ డిజైన్లు వాట్సాప్‌లో పంపుతామంటున్నారు. ఆఖరికి ఆంధ్ర సర్కారు కూడా 2025 నుంచి 'మన మిత్ర' పేరుతో సర్టిఫికెట్లు వాట్సాప్‌లోనే ఇస్తోంది. చీటీ పాడుకుంటే తొమ్మిది వేలు చేతికొచ్చాయి. "అందులోనే రావాలి, నన్నెవరూ మోసం చెయ్యకూడదు" అంది. మొదటిది కుదురుతుంది. రెండోదాని గురించే తమరికి ఈ ఉత్తరం.

చిన్నమ్మకు తమరు కొత్తేమీ కాదు. పాత నోకియాలో పై బటనూ, ఆ వెంటనే తమరినీ నొక్కితే తాళం తెరుచుకునేది. నక్షత్రమంటే తెరిచేదనే ఆమె లెక్క. పేపర్లో 'కేవలం రూ.7,999' పక్కన తమరిని చూసి, "ఇక్కడ నొక్కితే ఏం తెరుచుకునిద్దిరా?" అని అడిగింది. పేజీ అడుగున, మడత పడేచోట, సన్నటి ఇంగ్లీషులో షరతులు కనబడ్డాయి. చదివి తెలుగులో చెప్పాను.

అసలు ధర 8,999. ఫలానా క్రెడిట్ కార్డు ఉంటే అయిదొందలు తగ్గిస్తారు. పాత స్మార్ట్‌ఫోన్ ఇచ్చేస్తే ఇంకో అయిదొందల 'వరకు' తగ్గిస్తారు. ఇక్కడే తమరికి చేతులెత్తి మొక్కాలనిపించింది. తొలి స్మార్ట్‌ఫోన్ కొనే మనిషి దగ్గర పాత స్మార్ట్‌ఫోన్ ఎక్కణ్నుంచి వస్తుంది స్వామీ? తొమ్మిది వేల కోసం చీటీ పాడిన మనిషి దగ్గర క్రెడిట్ కార్డు ఎందుకుంటుంది? అంటే 7,999కి ఈ ఫోన్ దొరికేది ఇప్పటికే ఫోనూ కార్డూ ఉన్నవాడికి. వాడికి ఈ ఫోన్ అక్కర్లేదు. 'ఇక ప్రతి చేతిలో స్మార్ట్‌ఫోన్' అని పైన రాయించి, ఫోన్ లేని చేతుల్ని మాత్రమే ఏరి, వాటి దగ్గర వెయ్యి ఎక్కువ పుచ్చుకునే ఏర్పాటు చేశారు. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్‌లో 12 శాతం నుంచి 18కి పెరిగింది కదా, దాని పక్కన మాత్రం తమరెప్పుడూ కనబడలేదు. పన్నుకు షరతులు వర్తించవు. అందరి దగ్గరా పూర్తిగా తీసుకుంటారు.

కార్డు లేకపోతే 'నో కాస్ట్ ఈఎంఐ' ఉందన్నాడు షాపు కుర్రాడు. దాని భుజం మీదా తమరే. సున్నా వడ్డీ అనేది అసలు ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. మామూలుగా జరిగేదేమిటంటే, వడ్డీకి సరిపడా సొమ్ము ధరలో తగ్గించినట్టు చూపించి, వాయిదాల్లో వడ్డీగా వసూలు చేస్తారు. ఈఎంఐ క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ, కొనేవాళ్ల నెత్తినే. నేనిదంతా విడమరిచి చెప్పబోతుంటే చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఖర్చు లేకుండా అప్పిచ్చేవాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు నాయనా, ముందు ఫోన్ చూపించు" అంది.

ఫోన్ చూశాం. పెట్టె మీద '8 జీబీ ర్యామ్' (యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే చోటు), పక్కన తమరు. వెనక్కి తిప్పితే నాలుగు ప్లస్ నాలుగు. మొదటి నాలుగు నిజం. రెండో నాలుగు ఫైళ్లు దాచుకునే చోటు నుంచి అరువు తెచ్చినవి. ఈ ధరలో ఎక్కువగా దొరికేది ఈఎంఎంసీ అనే చౌక రకం స్టోరేజీ. వేగంలో అది అసలు ర్యామ్‌కు పదో వంతు కూడా తూగదు. పైగా 64 జీబీలో సిస్టమూ, అడక్కుండా కుక్కి పంపిన ఆటలూ, అప్పులిస్తామనే యాప్‌లూ తమ వాటా తీసేసుకున్నాక మిగిలినదాంట్లోంచే ఈ అరువు. ఇది వినగానే చిన్నమ్మ నిజంగా నొచ్చుకుంది. "కొలత తీసుకునేప్పుడు 'గరిష్ఠంగా ముప్ఫై ఎనిమిది' అని రాసుకుంటానట్రా? ముప్ఫై ఆరయితే ముప్ఫై ఆరే. జాకెట్టు పట్టలేదని వచ్చిన మనిషికి నక్షత్రం చూపించనా?" తమరి మీద ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా వినలేదు.

కెమెరా సంగతి. వెనకాల మూడు గుండ్రాలున్నాయి. ఒకటి ఫ్లాష్. ఒకటి 50 మెగాపిక్సెల్, అది నిజమే. మంచి వెలుతురులో జాకెట్టు మెడ ఫొటో తీసి పంపడానికి భేషుగ్గా సరిపోతుంది. మూడోదాన్ని 'ఏఐ లెన్స్' అన్నారు. కొన్ని మోడళ్లలో ఇది 320 చుక్కలు అడ్డం, 240 చుక్కలు నిలువు. మొత్తం 76,800 చుక్కలు, అంటే 0.08 మెగాపిక్సెల్. ఫొటో తీసే పని దానికి లేదు, చూసేవాళ్లకు మూడు కళ్లు కనబడాలి, అంతే. త్రినేత్రుడు మూడో కన్ను తెరిస్తే ఎదుటివాడు భస్మమయ్యేవాడు. ఇక్కడ మూడో కన్ను తెరిచినా ఏమీ అవదు.

బ్యాటరీతో నాకు పేచీ లేదు. 5,000 ఎంఏహెచ్, తెర 720 పిక్సెళ్లదే, అంటే చుక్కలు తక్కువే కాబట్టి హాయిగా ఒక రోజు దాటుతుంది. '33 వాట్ల చార్జింగ్ సపోర్ట్' అన్నచోట మాత్రం పెట్టెలో ఏ చార్జర్ పెట్టారో, అసలు పెట్టారో లేదో చూసుకోవాలి.

5జీ దగ్గర కాస్త ఆగుదాం. దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. జియో దాన్ని విడిగా కొత్త నెట్‌వర్క్ మీద నడిపింది. ఎయిర్‌టెల్ మొదట్లో పాత 4జీ పునాది మీద నడిపింది. 2024 చివర్లో ఎనిమిదిన్నర వేలకు వచ్చిన ఒక 5జీ ఫోన్ మొదటి రకాన్ని మాత్రమే అందుకోగలదు. ఎయిర్‌టెల్ సిమ్ వేసుకున్నవాళ్లకు అప్పట్లో అది 4జీ ఫోనే. ముందే ఉన్న సిమ్ కోసం ఫోన్ కొనేవాళ్లు ఎక్కువా, ఫోన్ కోసం సిమ్ మార్చేవాళ్లు ఎక్కువా అన్నది తమరిలాంటి పెద్దలు ఆలోచించాల్సిన విషయం. నా మాటకొస్తే, ఈ ధరలో 5జీ ముద్ర కోసం ర్యామూ స్టోరేజీ తగ్గించుకోవడం తెలివైన బేరం కాదు.

తమరు లేని వ్యాపారం ఎలా ముగుస్తుందో కూడా చూశాం. 2016 ఫిబ్రవరిలో ఒక కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అంది. జనం ఎగబడితే వెబ్‌సైట్ కూలబడింది. బుక్ చేసుకున్నవాళ్లలో చాలామందికి ఫోన్ అందలేదు. మరుసటి ఏడాది ఆ కంపెనీ డైరెక్టరుని పోలీసులు అరెస్టు చేశారు. పాపం, అంకె పక్కన తమరిని నిలబెట్టుకునే ఇంగితం లేకపోయింది. తమరుంటే పోలీసు స్టేషన్ దాకా వెళ్లేదా? 'స్టాకు ఉన్నంతవరకు' అనే ఒక్క ముక్కతో తేలిపోయేది.

అలాగని తమరికి చట్టం లేదనుకోకండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పుకుంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలంది. అదే అక్షరాల్లో, కంటికి కనబడేచోట ఉండాలంది. ముఖ్యమైన సంగతి దాచడానికి షరతును వాడకూడదంది. మరి మా పేపర్లో 'కేవలం' తెలుగులో అరచేతంత ఉంది, తమరి కింది సరుకు ఇంగ్లీషులో ఆవగింజంత ఉంది. తమరు తెలుగు నేర్చుకోవడానికి ఇంకా ఎన్నేళ్లు గడువు కావాలి?

విచిత్రమేమిటంటే, డయల్ ప్యాడ్ మీద తమరంత నిజాయితీపరులు లేరు. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య చూపిస్తారు. పెట్టె మీదా బిల్లులోనూ అదే ఉందో లేదో పోల్చుకోవచ్చు. *#07# కొడితే రేడియేషన్ లెక్క, మన దేశంలో కిలోకు 1.6 వాట్ల పరిమితి దాటిందో లేదో చూసుకోవచ్చు. *99# కొడితే ఇంటర్నెట్ లేకుండానే బ్యాంకు పని చేసిపెడతారు, అదీ బటన్ ఫోన్లో. అక్కడ అడిగినదానికి సూటిగా జవాబిచ్చే తమరు, ప్రకటనలోకొచ్చేసరికి ఎందుకిలా తయారయ్యారు? సావాసదోషమా?

చివరకు 8,999 నగదు కట్టి, నిజమైన నాలుగు జీబీ, 128 స్టోరేజీ ఉన్న వేరే మామూలు 4జీ ఫోన్ కొన్నాం. కుర్రాడు స్క్రీన్‌గార్డూ కవరూ ఊరికే ఇచ్చాడు. వాటికి షరతుల్లేవు, మంచి పిల్లాడు.

ఇంతా చదివాక తమరి మీద మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. అది తమరు ఉన్నచోటు గురించి కాదు. ఈ ఫోన్‌కు భద్రతా అప్‌డేట్లు ఏ నెల దాకా వస్తాయన్నది పెట్టె నాలుగు వైపులా వెతికాను. ఎక్కడా లేదు. అప్‌డేట్ల లెక్క సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది, మనం కొన్న రోజు నుంచి కాదు. ఏడాదిన్నర కిందటి మోడల్ తగ్గింపులో వచ్చిందంటే, అందులో ఏడాదిన్నర అప్పటికే ఎవరూ వాడకుండానే ఖర్చయిపోయిందన్న మాట. పాతబడ్డ ఆండ్రాయిడ్‌కు డబ్బు యాప్‌లు ఒక రోజు తలుపులేస్తాయి. తెర పగలకుండా, బ్యాటరీ ఉబ్బకుండా ఫోన్ చచ్చిపోతుంది. రెండు వందల ఇరవై గ్రాముల బరువు దగ్గర్నుంచి అన్నీ అచ్చేసినవాళ్లు ఆ ఒక్క తేదీ వెయ్యలేదు.

దయచేసి ఆ తేదీ వేయించండి. దాని పక్కన తమరు నిలబడినా మాకు అభ్యంతరం లేదు. సన్నక్షరాలకు చిన్నమ్మ కొత్త ఫోన్లో భూతద్దం యాప్ వేయించుకుంది.

ఇట్లు,
తమరి నిత్య పాఠకుడు