ఏ మరణం ఏ అధ్యక్షుడి ఖాతాలో?

అమెరికాలో ప్రతి నష్టానికీ బాధ్యుడెవరో తేల్చే ఏర్పాటు ఉంది. నిచ్చెన మీది నుంచి ఒకడు జారిపడితే అందులో నిచ్చెన తయారుచేసినవాడి తప్పు ఎంత, పడినవాడి అజాగ్రత్త ఎంత అన్నది న్యాయస్థానాలు శాతాల్లో లెక్కగట్టి మరీ చెబుతాయి. అంతటి దేశంలో, ఒక ఏడాదిలో లక్షమంది మత్తుమందు మోతాదు మించి చనిపోతే అందులో దేశాధ్యక్షుడి వాటా ఎంత అనే ప్రశ్నకు మాత్రం ఇంతవరకు రాతపూర్వకమైన పద్ధతి లేకపోవడం విచారకరం. నిజానికి పద్ధతి లేకపోలేదు. అందరూ దాన్ని నిష్ఠగా పాటిస్తున్నారు కూడా. దాన్ని గ్రంథస్థం చేసే ఓపిక మాత్రం ఎవరికీ కలగలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసకర్త పూనుకున్నాడు.

ఉగాది పంచాంగ శ్రవణం విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఆ ఏటికి రాజు ఎవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని చూసి, వారి వారి స్వభావాన్ని బట్టి వానలు, పంటలు, రోగాలు ఎలా ఉంటాయో సిద్ధాంతిగారు చెప్పేస్తారు. అమెరికన్లు దీనికి చేసిన సవరణ ఒక్కటే. మన సిద్ధాంతి ఏడాది మొదట్లోనే ఫలితం చెప్పి ఇరుక్కుంటాడు. వారు ఏడాది గడిచి, మరణాల లెక్క చేతికొచ్చాక, లెక్క బాగుంటే తమ రాజు పేరన, బాగోకపోతే ఎదుటివారి రాజు పేరన రాస్తారు. అందుచేత వారి శాస్త్రం ఎన్నడూ తప్పదు.

కోవిడ్ కాలంలో ఈ శాస్త్రం ఎంతో అభివృద్ధి చెందింది. 2020 జనవరిలో అంతా పూర్తిగా అదుపులోనే ఉందని, ఫిబ్రవరి చివర్లో దేశంలో ఉన్న పదిహేను కేసులు కొద్ది రోజుల్లోనే సున్నా దాకా దిగివస్తాయని ట్రంప్ ప్రకటించారు. మార్చి 13న, పరీక్షలు ఆలస్యమైనందుకు బాధ్యత మీదేనా అని విలేకరి అడిగితే, తాను ఏమాత్రం బాధ్యత తీసుకోనని సెలవిచ్చారు. బాధ్యతలన్నీ తన దగ్గరికొచ్చి ఆగిపోతాయని రాసిన పలకను ట్రూమన్ తన బల్ల మీద పెట్టుకున్నారు. ఆ పలక తర్వాతి అధ్యక్షులకు ఎంత ఇబ్బంది కలిగిస్తుందో ఆయన ఆలోచించినట్టు లేదు. అదే ఏడాది అక్టోబరు 22 నాటి చర్చలో, అప్పటికి చనిపోయిన 2,20,000 మందిని ప్రస్తావించి, ఇన్ని మరణాలకు బాధ్యుడైన వ్యక్తి అధ్యక్ష పదవిలో ఉండటానికి వీల్లేదని బైడెన్ తీర్పు చెప్పారు. ఒక సంఖ్య, ఒక శిక్ష: ఇంత స్పష్టమైన సూత్రాన్ని అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. ఆయన గద్దెనెక్కిన 2021లో కోవిడ్ మరణాలు 2020 కంటే ఎక్కువయ్యాయి, 2022 మే నాటికి మొత్తం 10 లక్షలు దాటింది. అప్పటికి గాని ఆ సూత్రం పదవి కోరుకునేవారికే పనికొస్తుందని, పదవిలోకి వచ్చాక పనికిరాదని పండితులకు బోధపడలేదు. 2020లో ఇది చైనా వైరస్ కాబట్టి వైట్‌హౌస్‌కు సంబంధం లేదని వాదించినవారు, 2021 జనవరి 20 మధ్యాహ్నం నుంచి వైరస్ నివాసం వాషింగ్టన్‌కు మారిందని గుర్తించారు.

టీకా విషయంలో మాత్రం శాస్త్రం కొంచెం తడబడింది. టీకా త్వరగా రావడానికి వేల కోట్ల డాలర్లు పెట్టించింది ట్రంప్ ప్రభుత్వం. ఎక్కువ మందికి సూది వేయించింది బైడెన్ ప్రభుత్వం. ఆ ఘనతను ఇద్దరూ పంచుకోవచ్చు. కానీ 2021 ఆగస్టులో అలబామా సభలో టీకా వేయించుకోమని ట్రంప్ అన్నందుకు సొంత అభిమానులే కేకలు వేసి వ్యతిరేకించారు. తాను చేసిన తప్పులకు బాధ్యత తీసుకోని నాయకులను చరిత్ర చాలామందినే చూసింది. తాను చేసిన మంచిని ఒప్పుకున్నందుకు తన సభలోనే తిట్లు తిన్న నాయకుడు మాత్రం అరుదు.

పాత చరిత్ర తిరగేస్తే ఇంకొక రహస్యం కూడా బయటపడుతుంది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాలో సుమారు 6,75,000 మంది చనిపోయారు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆ జబ్బు గురించి దేశ ప్రజలతో బహిరంగంగా ఒక్క మాటైనా చెప్పలేదు. ఆయన గురించి ఈనాటికీ యుద్ధం, శాంతి ఒప్పందం, నానాజాతి సమితి అంటూ చర్చిస్తారే తప్ప ఆ మరణాలను ఎవరూ ఆయనకు అంటగట్టరు. 1976లో న్యూజెర్సీలోని ఒక సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనిపించి ఒక సైనికుడు చనిపోతే, జెరాల్డ్ ఫోర్డ్ హడావిడిగా దేశం మొత్తానికి టీకా వేయిస్తానని ప్రకటించి, 4 కోట్ల మందికి పైగా వేయించారు కూడా. అనుకున్న మహమ్మారి రాలేదు. టీకా వేయించుకున్నవారిలో కొన్ని వందల మందికి నరాల జబ్బు వచ్చింది. టీకాలు ఆగిపోయాయి. ఈలోగా ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఆ ఓటమికి వేరే కారణాలు చాలా ఉన్నాయి గాని, సలహాదారులు నేర్చుకున్న పాఠం మాత్రం ఇదే: ఆరుముప్పావు లక్షల మంది చనిపోతున్నా నోరు విప్పనివాడు రాజనీతిజ్ఞుడు, రాని జబ్బుకు ముందుజాగ్రత్త పడ్డవాడు నవ్వులపాలు. ఎయిడ్స్ గురించి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మొదటి నివేదిక 1981 జూన్‌లో వస్తే, రోనల్డ్ రీగన్ ఆ పేరును బహిరంగంగా ఎత్తడానికి 1985 సెప్టెంబరు దాకా, దాని మీద పూర్తి ప్రసంగం చేయడానికి 1987 దాకా ఆగారు. ఆయన 1984లో 49 రాష్ట్రాలు గెలిచారన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఇక మత్తుమందుల సంగతి. ఎవరి హయాంలో జరిగిన మరణం వారి ఖాతాలో రాసే ఈ కేలండరు పద్ధతికి ఇక్కడ నిజమైన అగ్నిపరీక్ష ఎదురవుతుంది. జబ్బుకు వారాలు, నెలలు సరిపోతాయి. వ్యసనానికి దశాబ్దాలు పడుతుంది, అధ్యక్షులేమో నాలుగేళ్లకోసారి మారుతుంటారు. ఆక్సీకాంటిన్ అనే నొప్పిమాత్రకు ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 1995 డిసెంబరులో. మందు నెమ్మదిగా ఒంటికి పడుతుంది కాబట్టి దుర్వినియోగం తగ్గుతుందని నమ్ముతున్నట్టు దాని లేబుల్ మీద రాయనిచ్చారు. ఎవరు నమ్ముతున్నారో, ఏ ఆధారంతో నమ్ముతున్నారో లేబుల్‌లో లేదు. ఆ దరఖాస్తు పరిశీలనను పర్యవేక్షించిన అధికారి కొన్నేళ్లకు ఆ మాత్ర తయారుచేసే పర్డ్యూ కంపెనీలోనే ఉద్యోగంలో చేరారు. అప్పుడు అధ్యక్షుడు క్లింటన్. ఆయన పదవీకాలపు వివాదాలను జనం ఎంతో శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నారు. ఆ జాబితాలో ఈ లేబుల్ లేదు.

బుష్ కాలంలో, 2007లో, మందు ప్రమాదం గురించి తప్పుదారి పట్టించామని పర్డ్యూ అనుబంధ సంస్థ నేరం ఒప్పుకుని 60 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ముగ్గురు పెద్ద అధికారులు కూడా నేరం ఒప్పుకున్నారు. ఎవరూ జైలుకు వెళ్లలేదు. మాత్రల అమ్మకాలూ ఆగలేదు. ఒబామా కాలంలో, 2010లో, పొడి చేసి పీల్చడానికి వీల్లేని కొత్త మాత్ర వచ్చింది. అది మంచి ఉద్దేశంతో జరిగిన మార్పే; అలవాటుపడినవారిలో చాలామంది హెరాయిన్‌కు మారారు, కొన్నేళ్లకు ఆ హెరాయిన్‌లోకి, దానికంటే ఎన్నో రెట్లు ఘాటైన కృత్రిమ మత్తుమందు ఫెంటనిల్ వచ్చి చేరింది. 2016 ఏప్రిల్‌లో, అనుమానాస్పదంగా లక్షల మాత్రలు పంపే పంపిణీ కంపెనీల సరుకును మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ వెంటనే ఆపే అధికారాన్ని బలహీనపరిచే చట్టం మీద ఒబామా సంతకం చేశారు. రెండు పార్టీలు ఏ విషయంలోనూ ఏకీభవించవని బాధపడేవారు ఈ చట్టాన్ని చూసి ఊరట చెందవచ్చు: అది ఉభయసభల్లోనూ అభ్యంతరం చెప్పినవారు లేకుండా గట్టెక్కింది. దాన్ని ముందుండి నడిపించిన ప్రతినిధి టామ్ మారినోను మరుసటి ఏడాది ట్రంప్ దేశ మాదకద్రవ్యాల నియంత్రణ అధిపతి పదవికి ఎంపిక చేశారు. పత్రికలు ఈ కథ బయటపెట్టాక ఆయనే తప్పుకున్నారు.

2017 అక్టోబరులో ట్రంప్ ఓపియాయిడ్ల (ఆక్సీకాంటిన్, హెరాయిన్, ఫెంటనిల్ జాతి మందుల) బెడదను ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించారు. అలాంటి అత్యవసరాల కోసం ఏర్పాటైన నిధిలో అప్పటికి ఉన్న మొత్తం సుమారు 57,000 డాలర్లు. ఆ ఏడాది మోతాదు మించి చనిపోయినవారు 70 వేలకు పైగా. అంటే ఒక్కో మృతుడికి ఒక్క డాలరు కూడా రాలేదు. తర్వాత కాంగ్రెస్ వేరే నిధులు ఇచ్చింది, 2018లో చికిత్సకు తోడ్పడే చట్టం కూడా వచ్చింది, అది నిజం. ఆ ఏడాది మరణాలు నాలుగు శాతం తగ్గాయి, ఆ నాలుగు శాతం అధ్యక్షుడి ఘనత అయింది. 2020లో 30 శాతం పెరిగాయి, ఆ పెరుగుదల కోవిడ్ ఖాతాలోకి వెళ్లింది.

కేలండరు పద్ధతి సొగసంతా 2021 నవంబరులో చూడాలి. ఆ ఏప్రిల్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో మరణాలు తొలిసారి లక్ష దాటాయని సీడీసీ లెక్క చెప్పింది. ఆ పన్నెండు నెలల్లో ఎనిమిది నెలలకు పైగా ట్రంప్‌వి, మూడు నెలలకు పైగా బైడెన్‌వి. వార్త వెలువడినప్పుడు కుర్చీలో ఉన్నది బైడెన్. కాబట్టి లక్ష మరణాలు ఆయనకు పడ్డాయి. అప్పట్లో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం విందుకు చేరిన తెలుగువారిని అడిగినా, ఏ అధ్యక్షుడికి ఓటేశారో తెలుసుకోవడానికి, ఈ లక్ష ఎవరి ఖాతాలోది అన్న ఒక్క ప్రశ్న చాలేది.

2023 ద్వితీయార్ధం నుంచి మరణాలు తగ్గుముఖం పట్టి, 2024లో నాలుగో వంతుకు పైగా పడిపోయి సుమారు 80 వేలకు వచ్చాయి. ఎందుకు తగ్గాయన్నది పరిశోధకులు ఇంకా తేల్చలేదు. ప్రాణం నిలబెట్టే నాలాక్సోన్ స్ప్రే చీటీ లేకుండా దొరకడం, చికిత్స మందు రాయడానికి వైద్యులకు ఉన్న ప్రత్యేక అనుమతి నిబంధన ఎత్తేయడం, బజారులో ఫెంటనిల్ ఘాటు తగ్గడం, ఇలా చాలా కారణాలు చెబుతున్నారు. ప్రమాదంలో ఉన్నవారిలో ఎక్కువ మంది అప్పటికే చనిపోవడం కూడా ఒక కారణమని కొందరి అనుమానం. మిగతా కారణాలకు హక్కుదారులు ఇరుపక్షాలా ఉన్నారు గాని, ఈ చివరిదాన్ని తమ ఘనతగా చెప్పుకోవడానికి ఏ పక్షమూ ముందుకు రాలేదు.

2025 వచ్చేసరికి మరణాలను లెక్కించడం మానేసి, జరగని మరణాలను లెక్కించే ఉన్నత దశకు శాస్త్రం చేరుకుంది. ట్రంప్ రెండో పాలనలో తొలి నూరు రోజుల్లో పట్టుకున్న ఫెంటనిల్ వల్ల 25.8 కోట్ల ప్రాణాలు దక్కాయని అటార్నీ జనరల్ పామ్ బాండీ మంత్రివర్గ సమావేశంలో వెల్లడించారు. దేశ జనాభా 34 కోట్లు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు తాము చావు తప్పించుకున్న సంగతి తెలియకుండానే ఆ వేసవిలో తిరిగారన్నమాట. సెప్టెంబరు నుంచి కరేబియన్ సముద్రంలో పడవలను పేల్చడం మొదలుపెట్టాక, ఒక్కో పడవతో 25,000 మంది అమెరికన్ల ప్రాణాలు దక్కుతున్నాయని అధ్యక్షుడే లెక్క చెప్పారు. ఏడాదికి చనిపోయేది 80 వేలు కాబట్టి నాలుగో పడవ మునిగేసరికి ఆ ఏటి మరణాలన్నీ రద్దయిపోవాలి. ఐదో పడవ నుంచి పాత సంవత్సరాల మృతులు తిరిగి లేచి రావాలి. అలా జరిగిన దాఖలా లేదు. ఫెంటనిల్‌లో అత్యధిక భాగం మెక్సికో నుంచి భూమార్గాన, అధికారిక సరిహద్దు ద్వారాల గుండానే వస్తుందన్నది వేరే విషయం. అదే ఫెంటనిల్ పేరు చెప్పి సుంకాలు విధించిన కెనడా సరిహద్దులో, 2024 ఆర్థిక సంవత్సరం మొత్తం మీద పట్టుబడింది సుమారు 20 కిలోలు. ఇక పడవల పేల్చివేత సాగుతుండగానే, అమెరికాకు వందల టన్నుల కొకైన్ చేరవేయడంలో కుట్రదారుగా న్యూయార్క్ కోర్టులో 45 ఏళ్ల శిక్ష పడిన హోండురాస్ మాజీ అధ్యక్షుడు హెర్నాండెజ్‌కు డిసెంబరులో క్షమాభిక్ష లభించింది. మత్తుమందు రవాణాలో పడవ నడిపేవాడికీ, దేశం నడిపేవాడికీ ఉండాల్సిన తేడా ఉండాలి కదా.

ఇన్ని చిక్కులు తీరాలంటే ఈ వ్యాసకర్తకు తోచిన ఉపాయం ఒకటుంది. అమెరికా మరణ ధ్రువపత్రంలో మరణ కారణం, మరణ విధానం వగైరా గడులతో పాటు ‘అధ్యక్షుడు’ అని ఒక గడి చేర్చాలి. వెస్ట్ వర్జీనియా బొగ్గుగనిలో నడుము దెబ్బతిన్న కార్మికుడొకడు ఉన్నాడనుకుందాం. 1998లో వైద్యుడు మొదటి మాత్ర రాశాడు. 2003లో మోతాదు రెట్టింపయింది. 2011లో మాత్ర మారి, అతను హెరాయిన్ పట్టాడు. 2018లో చికిత్సకు వెళ్తే ఖాళీ లేదన్నారు. 2021లో ఫెంటనిల్‌తో చనిపోయాడు. ప్రస్తుత పద్ధతిలో ఇతను నూటికి నూరుపాళ్లు బైడెన్ మృతుడు. నిచ్చెన కేసులో లాగా శాతాలు వేస్తే అయిదుగురు అధ్యక్షులకూ తలా కొంత వస్తుంది, అప్పుడు ఇరు పార్టీలకూ అతని మీద ఆసక్తి పోతుంది. ఆ గడిలో కంపెనీ పేరు రాయమని ఇంటివాళ్లు కోరవచ్చు. అది కుదరదు, కంపెనీ ఎన్నికల్లో పోటీ చేయదు. పైగా దాని లెక్క వేరుగా తేలింది: 2025లో కోర్టు ఆమోదించిన 740 కోట్ల డాలర్ల ఒప్పందంలో యజమాని శాక్లర్ కుటుంబం తన వాటాను పదిహేనేళ్ల వాయిదాల్లో కడుతుంది. ఆ వాయిదాలు తీరేలోగా నాలుగు అధ్యక్ష ఎన్నికలు జరుగుతాయి. ప్రతి ఎన్నికకూ పేరు మార్చుకునే వీలుండాలి కాబట్టి, ధ్రువపత్రంలో మిగతావన్నీ సిరాతో నింపినా ఆ ఒక్క గడిని పెన్సిల్‌తో నింపాలని గుమాస్తాలకు ఉత్తర్వులివ్వడం మంచిది.