ఆకలికి క్రమశిక్షణ లేదు

బడిలో మధ్యాహ్నం పెట్టేది చాలక పొద్దున్న టిఫిన్ కూడా పెట్టాలని మా పలాస వైపు కొందరు అంటున్నారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. పిల్లల మీద నాకేం కోపం లేదు, కోపమంతా వాళ్ల ఆకలి మీదే.

దానికి ఎన్ని అవకాశాలిచ్చారో చూడండి. 2001లో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టమంది, 2003 నుంచి మన బళ్లలో పొయ్యి వెలిగింది. కేంద్రం ఎనిమిదో తరగతి దాకానే డబ్బులిస్తుంది కాబట్టి ఆకలి అక్కడ ఆగాలి, ఆగలేదు, తొమ్మిది పది తరగతుల ఖర్చు రాష్ట్రం నెత్తిన పడింది. పోనీ టెన్త్ పాసయ్యాకైనా టీసీ తీసుకుని వెళ్లిపోవాలా వద్దా? ఇంటర్లో చేరింది! 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ అన్నం పంపాల్సొచ్చింది. రేపు డిగ్రీ చదువుతానంటుంది.

ఇప్పుడు పొద్దుటి పేచీ. తల్లి తెల్లారకుండానే జీడిపిక్కల పనికి పోతుంది, తండ్రి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూలికి ఉంటాడు, ముసలమ్మ లేచి అంబలి కాచేలోపు గుంటలు సంచీ తగిలించుకుని పరుగు. మూడో పీరియడ్‌లో లెక్కల మాస్టారు బోర్డు మీద సున్నా గీస్తే వాళ్లకి గారె కనిపిస్తుంది. 2023లో వారానికి మూడు రోజులు రాగిజావ (మన చోడి జావే లెండి) మొదలుపెట్టారు కదా, ఆ మూడు రోజులే ఆకలేసేలా సర్దుకోలేరా?

తమిళనాడు వాళ్లు 2022 నుంచి చిన్న పిల్లలకి పొద్దున్న ఉప్మా, పొంగలి పెడుతున్నారట. వాళ్లకి అలవాటే, 1920లోనే మద్రాసు కార్పొరేషన్ బడిలో తిండి పెట్టారు. అప్పుడు మనమూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం, తిండి మాత్రం ఇంత దూరం రాలేదు.

ఉచితంగా పెడితే సోమరులవుతారని మా వీధి పెద్దాయన అంటారు. అనుభవంతో చెప్పిన మాట. మొన్న పెళ్లిలో రెండు బంతులు కూర్చుని తిన్నాక ఆయన కదల్లేకపోతే నేనే బండి మీద దించి వచ్చాను.

ఇంకో ప్రమాదం, వంట చేసే ఆవిడ. ఇప్పటికే నెలకి 3000 రూపాయలు ఇస్తున్నారు. నాలుగింటికి లేచి ఉప్మా కూడా కలపమంటే ఇంకో వెయ్యి అడగదని గ్యారంటీ ఏంటి?

అందుకే పన్నెండు దాటేదాకా బడి పిల్లలకి ఆకలి వేయకూడదని ఒక జీవో ఇచ్చేయాలి. ఆదివారాలు, వేసవి సెలవులు కూడా అందులోనే కలిపేస్తే కాగితం కలిసొస్తుంది. ఇంకా చాలా రాయాలి గానీ, లోపల్నుంచి ఇడ్లీలు చల్లారిపోతున్నాయని కేకేస్తున్నారు.