సముద్రానికీ ఓ వాటా రాయండి

విశాఖలో సముద్రం కనబడే ఇల్లుందంటే చుట్టాలంతా 'అదృష్టవంతులు' అంటారు. ఆ మాట మా స్లాబు కింద నిలబడి అన్నవాళ్ళు మాత్రం లేరు.

పాండురంగాపురంలో నాన్నగారు కట్టిన ఇల్లు మాది. పోయిన సంక్రాంతికి హాల్లో సీలింగు నుంచి ఓ పెచ్చు ఊడి, గురి చూసినట్టు బావగారి కాఫీ గ్లాసులో పడింది. ఇంటల్లుడి మర్యాదకు భంగం కనుక మరమ్మతు అత్యవసరమని కుటుంబమంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. డబ్బెవరిదన్నది మాత్రం ఎజెండాలో లేదు.

మేస్త్రీ వచ్చి, డాక్టరు వీపు తట్టినట్టు సుత్తితో స్లాబంతా తట్టాడు. "ఇది గట్టి. ఇది డొల్ల. ఇదీ డొల్లే బాబూ." డొల్ల అన్నచోటల్లా సుద్దతో సున్నా చుట్టాడు. పది నిమిషాల్లో మా సీలింగు పొంగనాల పెనమైపోయింది. ఓ చోట కొట్టి ఊచ చూపించాడు. గోటితో గీరితే కాజా పొరల్లా రాలుతోంది. ఉప్పు తగిలిన ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుందట. ఉబ్బిన ఊచ తన చుట్టూ ఉన్న కాంక్రీటునే తన్నేస్తుందట. నాన్నగారి రోజుల్లో ఊచ కింద ముప్పావు అంగుళం కవరు, అంటే ఊచని కప్పే కాంక్రీటు, వదిలితే గొప్ప. కాంక్రీటు కట్టడాలకు దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456 ఇప్పుడు కడలిగాలి తగిలేచోట 45 మిల్లీమీటర్లు ఉండాలంటోంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఊరంతా అరిచాం గానీ, మా స్లాబులో ఉక్కు మీద హక్కు ఉప్పుగాలిదే.

"ఎంతవుతుంది?" అన్నాను.

"కొడితేగానీ తెలీదు బాబూ."

గృహ నిర్మాణ శాస్త్రంలో ఇంతకంటే నిజాయితీ గల అంచనా నేను చూడలేదు. తుప్పు గీకడానికింత, ఊచకు పూత ఇంత, కిటికీలకు ఇనప గ్రిల్లు పీకి వేరేది పెట్టడానికింత అని రాసుకుంటూ పోయాను. మేస్త్రీ మాట మీద నమ్మకం ఉంటే మొత్తానికి పావువంతు కలుపుకోండి. లేకపోతే సగం.

అదే ఊపులో మేడమీద ఓ గది కూడా లేపేద్దామన్నాడు తమ్ముడు. పెచ్చులు పూడ్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గదికి మాత్రం ప్లాను కావాలి, పైగా మాది సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాలను అదుపు చేసే నిబంధనల పరిధి. పోటు గీత, అంటే పోటెత్తినప్పుడు నీళ్ళు చేరే హద్దు, అక్కణ్ణుంచి 500 మీటర్ల దాకా 1991 నుంచీ ఆ నిబంధనలదే పెత్తనం. పట్నంలో అప్పటికే ఉన్న రోడ్డుకి ఊరివైపు ఇల్లైతే అనుమతి వస్తుందన్న ఆశ ఉంటుంది, సముద్రంవైపైతే ఉండదు. జాతకంలో శని ఏ ఇంట్లో ఉన్నాడన్నట్టు, మన ఇల్లు రోడ్డుకి ఏ పక్కనుందన్నదే లెక్క. మాది ఊరివైపే. సొంతంగా ఉండే ఇల్లు 300 చదరపు మీటర్లలోపైతే అనుమతి సంగతి స్థానిక సంస్థే చూస్తుందని సీఆర్‌జెడ్ 2019 నోటిఫికేషన్ దయతలచింది. ఇంతకీ ఆ పోటు గీత ఎక్కడుందే అని అమ్మనడిగాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూశాక తనకి గీతల మీద నమ్మకం పోయిందంది.

కనుక నాదొక ప్రతిపాదన. దరఖాస్తులో యజమానుల గడిలో సముద్రం పేరు కూడా రాయించాలి. నోటిఫికేషన్ 500 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఉప్పుగాలి ఆగదు, ఎమ్వీపీ కాలనీ రైతుబజారు దాకా వెళ్ళి కూరలు బేరమాడి వస్తుంది. ఏటా మా ఇంట్లో ఇంత ఇనుము తినే మనిషికి వాటా లేదనడం అన్యాయం. వాటా ఇస్తే ఖర్చులో సగం అడగొచ్చన్నది నా రహస్య ఉద్దేశం.

ఇక దరఖాస్తుకి నాన్నగారి పాత ప్లాను జతచెయ్యాలన్నారు. అది ట్రంకుపెట్టెలో భద్రంగా ఉందని అమ్మ హామీ ఇచ్చింది. పెట్టే ఉంది, తాళంచెవీ ఉంది. గొళ్ళెం మాత్రం తుప్పు పట్టి కప్పకి అతుక్కుపోయింది. పెట్టె పాడవకుండా ఊడుతుందా అని మేస్త్రీనే అడిగాం.

సుత్తి తీశాడు. "కొడితేగానీ తెలీదు బాబూ."