యాభై రూపాయల ప్రాణం

మూసిన కారులో కుక్క చనిపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెంటే ఒక సాకు కూడా వస్తోంది. పొరపాటైపోయిందట. ఐదు నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నారట. బిల్లింగ్ దగ్గర లేటయింది, దర్శనం ఆలస్యమైంది, క్యూ కదల్లేదు. యజమాని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, చుట్టూ చేరినవాళ్లు పాపం అంటారు, స్టేషన్‌లో మందలించి పంపేస్తారు. వచ్చే ఎండాకాలం మరో పార్కింగ్‌లో మరో కుక్క. ఇలా జరగడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. ఒకరిని పొరపాటని వదిలేసిన ప్రతిసారీ తర్వాతివాడికి ధైర్యం ఇస్తున్నాం. ఈ వదిలేయడం ఇక ఆగాలి.

2023 జూలైలో ఆగ్రాలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. తాజ్‌మహల్ చూడటానికి వచ్చినవాళ్లు పెంపుడు కుక్కను కారులో వదిలి వెళ్లారు. పార్కింగ్‌లోనే అది ప్రాణం విడిచింది. తాజ్ చూసి రావాలంటే టికెట్లు, తనిఖీలు, నడక అన్నీ కలిపి ఎంతసేపు పడుతుందో అక్కడికి వెళ్లిన ఎవరికైనా తెలుసు. కుక్కను లోపలికి రానివ్వరనీ తెలుసు. అన్నీ తెలిసి తలుపు వేసి వెళ్లడాన్ని పొరపాటని ఎలా అంటాం?

కారు అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది, సీట్లనీ డ్యాష్‌బోర్డునీ కాలుస్తుంది. ఆ వేడి మళ్లీ బయటికి పోయే దారి ఉండదు. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 16 ఎండ రోజుల్లో కారు లోపలి వేడిని కొలిచి ఫలితాలు ప్రచురించారు. బయట ఎంత ఉన్నా సరే, గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. బయట హాయిగా 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా గంట తిరిగేసరికి లోపల 47కు చేరింది. అద్దం కొంచెం దించి ఉంచినా తేడా నామమాత్రమే. హైదరాబాద్‌లో సంక్రాంతి నాటి మధ్యాహ్నం కూడా 22 కంటే ఎక్కువే ఉంటుంది. ఇక రామగుండం, నల్గొండ, రెంటచింతల, ఖమ్మంలలో మే నెల సంగతి విడిగా చెప్పాలా? అక్కడ నీడలోనే 44, 45 చూస్తున్నాం.

ఆ పెట్టెలో కుక్కకు ఏమవుతుందో కాస్త దగ్గరగా చూడాలి. మనకు చెమట పడుతుంది, చొక్కా తడుస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు అరికాళ్ల దగ్గర తప్ప చెప్పుకోదగ్గ చెమట ఉండదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఉన్న ఆధారం. మూసిన కారులో అది రొప్పేకొద్దీ లోపలి గాలి ఇంకా తేమెక్కుతుంది, తేమెక్కిన గాలిలో ఆ రొప్పు పనిచేయదు. మామూలుగా 38, 39 డిగ్రీలుండే ఒంటి వేడి 41 దాటితే వడదెబ్బే. ముందు అద్దానికి ముక్కు ఆనించి చొంగ కారుస్తుంది. తర్వాత తలుపు ప్యాడ్‌ను, సీటును గోళ్లతో గీకేస్తుంది. చిగుళ్లు ఎర్రబడతాయి, వాంతి చేసుకుంటుంది, కాళ్లు తడబడి సీటు కిందికి జారిపోతుంది, ఫిట్స్ వస్తాయి. బతికి బయటపడ్డా కిడ్నీలు, లివర్ దెబ్బతిని రెండు మూడు రోజుల తర్వాత చనిపోయేవి ఉంటాయి. కారు తలుపు తీశాక కనిపించే ఆ గోళ్ల గీతలు చూసిన తర్వాత కూడా పొరపాటని సర్దిచెప్పుకోగలిగితే మనసు చాలా గట్టిదై ఉండాలి.

పగ్, షిజూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు మామూలు గదిలోనే ఊపిరి కష్టం. హచ్ ఫోన్ ప్రకటన వచ్చిన తర్వాత మన నగరాల్లో వీధికో పగ్ కనిపించింది. ఇప్పుడు హస్కీల మోజు. మంచు ప్రాంతంలో బండి లాగడానికి పెంచిన, రెండు పొరల బొచ్చున్న జంతువును తెచ్చి విజయవాడ ఎండలో తిప్పుతున్నారు. వేలకు వేలు పోసి కొన్నవాళ్లకు అది ఏ వేడిని తట్టుకోగలదో తెలుసుకునే తీరిక లేదంటే ఎవరూ నమ్మరు.

తెలియదనే మాట మన రెండు రాష్ట్రాల్లో అసలే చెల్లదు. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆగి ఉన్న కార్లలో చిక్కుకుని ఊపిరాడక చనిపోయారు. రెండు రాష్ట్రాలూ కన్నీళ్లు పెట్టుకున్నాయి. మూసిన కారు ఎంత త్వరగా ప్రాణం తీస్తుందో ఆ రోజు తెలియని ఇల్లు లేదు. ఆ పసివాళ్లు ఆడుకుంటూ వాళ్లంతట వాళ్లే ఎక్కారు, తలుపులు పడ్డాయి, పెద్దలకు తెలియలేదు. కుక్క అలా ఎక్కలేదు. దాన్ని ఎక్కించిన మనిషి ఉన్నాడు, రిమోట్ నొక్కి లాక్ పడిందో లేదో చూసుకుని మరీ వెళ్లిన మనిషి ఉన్నాడు.

ఏసీ ఆన్ చేసే వెళ్లామంటారు కొందరు. నిలబడిన బండిలో ఇంజిన్ ఆగిపోవచ్చు, కంప్రెసర్ మొరాయించవచ్చు, లోపల కంగారుపడిన కుక్క ఏ బటన్ మీదైనా కాలు వేయవచ్చు. చెట్టు నీడలో పెట్టామంటారు ఇంకొందరు. పొద్దు తిరిగితే నీడ కూడా తిరుగుతుంది. గిన్నెలో నీళ్లు పెట్టామన్నా అంతే, వేడెక్కిన గాలిని గిన్నెడు నీళ్లు చల్లబరచవు.

మనుషులే వడదెబ్బకు రాలిపోతుంటే కుక్కల మీద సంపాదకీయమా అని అడిగేవాళ్లుంటారు, వాళ్ల బాధలో అర్థం ఉంది. కానీ ఉపాధి కూలీకి నీడ ఇవ్వాలని అడగడానికి, కుక్కను కారులో కాల్చొద్దని అడగడానికి మధ్య పోటీ ఏమీ లేదు. రెండోదానికి ప్రభుత్వ ఖజానాలోంచి పైసా అక్కర్లేదు.

అసలు సిగ్గుపడాల్సింది చట్టం దగ్గర. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పట్టుబట్టి కదిలించిన ప్రయత్నం వల్ల వచ్చింది. జంతువుకు అనవసరమైన బాధ కలిగించినా, నీరు, నీడ ఇవ్వకపోయినా అది 11వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారి చేసినవారికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే వంద రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో యాభై రూపాయలు పెద్ద మొత్తమే. ఇవాళ చాలా చోట్ల కారు పార్కింగ్ ఫీజే అంతకంటే ఎక్కువ. కుక్కను కారులో చంపినందుకు కట్టేదానికన్నా ఆ కారు నిలిపినందుకు కట్టేదే ఎక్కువన్నమాట.

పైగా ఆ యాభై రూపాయల దాకా వెళ్లడమూ తేలిక కాదు. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం 11లోని కొన్ని నేరాలకే పోలీసులు నేరుగా కేసు కట్టగలరు. కారులో వదిలేయడం ఆ కొన్నింటిలోకి రాదు. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా కానిస్టేబుల్ కదలలేడు. మూడు నెలల్లోపు కోర్టుకు వెళ్లకపోతే 36వ సెక్షన్ ప్రకారం కేసే పోయినట్టు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో జంతువును చంపితే శిక్షించే 325వ సెక్షన్ ఉంది కదా, ఐదేళ్ల దాకా జైలు ఉంది కదా అనవచ్చు. అందులో కావాలని లేదా తెలిసి చేశాడని నిరూపించాలి. యజమాని చేతిలోని 'పొరపాటు' సరిగ్గా అక్కడే అక్కరకొస్తుంది. అందుకే ఆ సాకును ఊళ్లోవాళ్లూ, స్టేషన్‌లోవాళ్లూ అంత సులువుగా ఒప్పుకోకూడదని పదే పదే చెబుతున్నాం.

ఈ చట్టం పదును పోయిందని కొత్తగా చెబుతున్నదీ కాదు. 2014 మే నెలలో తమిళనాట ఎద్దుల ఆట జల్లికట్టును ఆపిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ శిక్షలు ఎవరినీ భయపెట్టేలా లేవని, పార్లమెంటు సవరించాలని చెప్పింది. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదా తెచ్చి ప్రజాభిప్రాయం అడిగింది. ఆ తర్వాత అది అటకెక్కింది. ఎన్ని ఎండాకాలాలు పోవాలి?

ఢిల్లీ కదలకపోతే రాష్ట్రాల చేతులు కట్టేసి లేవు. జంతువులపై క్రూరత్వ నివారణ ఉమ్మడి జాబితాలోని అంశం. 2017 జనవరిలో మెరీనా బీచ్‌లో జనం నిలబడితే తమిళనాడు రోజుల వ్యవధిలో ఇదే చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి జల్లికట్టుకు దారి తీసింది. కర్ణాటక, మహారాష్ట్ర అదే బాట పట్టాయి. 2023లో సుప్రీంకోర్టు ఆ సవరణలను సమర్థించింది. ఆట కోసం ఈ చట్టాన్ని వారం తిరగకుండా మార్చగలిగినప్పుడు, ప్రాణం కోసం ఒక అంకె మార్చడానికి అరవై ఏళ్లు దాటినా చేతకాలేదంటే ఏమనాలి? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు వచ్చే సమావేశాల్లోనే 11, 31 సెక్షన్లను సవరించవచ్చు. జరిమానా వేలల్లో ఉండాలి, పోలీసు నేరుగా కేసు కట్టగలగాలి, అంతే.

అద్దం పగలగొట్టే విషయం కూడా తేల్చాలి. కాలిఫోర్నియాలో 2017 నుంచి మామూలు పౌరుడు కూడా, కారు లాక్ అయి ఉందని చూసుకుని, పోలీసులకు చెప్పి, అద్దం పగలగొట్టి జంతువును బయటికి తీయవచ్చు. వాళ్లు వచ్చేదాకా దాని దగ్గరే ఉండాలి, అలా చేసినవారిపై కేసు ఉండదు. మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్‌లో, పెద్ద నష్టం ఆపడానికి దురుద్దేశం లేకుండా చిన్న నష్టం చేస్తే నేరం కాదన్న సూత్రం ఉంది. కానీ పార్కింగ్‌లో నిలబడిన సెక్యూరిటీ గార్డుకు ఆ సెక్షన్ ఎవరు చెప్పారు? అతను మైకులో కారు నంబరు మూడుసార్లు చదివిస్తాడు, తడి గోనె తెచ్చి అద్దం మీద కప్పుతాడు, ఓనర్ వస్తే తిడతాడేమోనని టెన్షన్ పడుతూ అక్కడే తిరుగుతాడు. అద్దం పగిలితే తన జీతంలోంచి కోస్తారని అతని భయం. ఆ భయాన్ని తీసేయాల్సింది ప్రభుత్వమే. నిస్సహాయంగా నిలబడ్డందుకు అతన్ని తప్పుపట్టి, తాళం వేసి వెళ్లినవాడిని పాపం అనడం మన దగ్గర అలవాటైపోయింది.

మాల్స్, గుళ్లు, ఫంక్షన్ హాళ్లు కూడా బాధ్యత తీసుకోవాలి. కుక్కలకు ప్రవేశం లేదని గేటు దగ్గర బోర్డు పెడితే సరిపోదు. బోర్డు చూసిన మనిషి వెనక్కి ఇంటికి వెళ్లడు, కుక్కను కారులోనే ఉంచుతాడు. కారు లోపలికి వచ్చేటప్పుడే పార్కింగ్ సిబ్బంది సీట్లోకి చూడాలి, కుక్క ఉంటే లాక్ చేయనివ్వకూడదు. మున్సిపల్ అధికారులు లైసెన్సుల్లో ఈ షరతు రాయవచ్చు. ప్రతి జిల్లాలో క్రూరత్వ నివారణ సంఘం ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. తమ జిల్లాలో అది ఎక్కడుందో, ఫోన్ నంబరేమిటో కలెక్టర్లు ఈ వారమే ప్రకటించాలి.

ఎవరైనా ఇలాంటి కుక్కను బయటికి తీస్తే ముందు నీడకు చేర్చాలి, మామూలు చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి, విసరాలి, గుటక వేయగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు పట్టాలి. ఐస్ ముక్కల్లో ముంచకూడదు. ఒళ్లు చల్లబరచడం మొదలుపెట్టిన తర్వాతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక యజమానులకు సూటిగా ఒక మాట. మా ఇంట్లో మనిషిలాంటిదే అంటారు. దానికి పుట్టినరోజు కేకు కోసి ఫోటోలు పెడతారు, పేరు పక్కన ఇంటిపేరు తగిలిస్తారు. ఇంట్లో మనిషినైతే మే నెల మధ్యాహ్నం అద్దాలెక్కించి, తాళం వేసి సినిమాకు వెళ్తారా? కుక్కను రానివ్వని చోటుకు వెళ్తున్నారా, ఇంట్లో ఫ్యాన్ కింద వదిలి వెళ్లండి. ఇంట్లో చూసేవాళ్లు లేరా, ప్రయాణం మానుకోండి. అంతమాత్రం కుదరదనుకుంటే కుక్కను తెచ్చుకోవద్దు. రేపు పార్కింగ్‌లో తలుపు తీసి ఏడుస్తూ పొరపాటైపోయిందని మాత్రం ఎవరికీ చెప్పొద్దు.