ముందుగా గుర్తించబడిన పిల్లవాడు

వెనుకబడిన పిల్లవాణ్ణి ఎంత త్వరగా గుర్తిస్తే అంత త్వరగా అతని పేరును ఒక పట్టికలోకి ఎక్కించవచ్చునన్న మహత్తర సూత్రాన్ని మన ప్రాథమిక విద్యావ్యవస్థ ఎంత నిష్ఠగా పాటిస్తున్నదో తెలియనివారే ప్రభుత్వ బడులను ఆడిపోసుకుంటారు. ఆ అపప్రథను తొలగించడం బాధ్యతగల పౌరుడిగా నా విధి అనిపించి, కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో డిసెంబరు నెలలో ఒక పూటంతా కూర్చుని వచ్చాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ పంతులుగారు ఇంకొక రిపోర్టు రాయవలసి వస్తుంది.

ఆ బడిలో మూడో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి పట్టుకుంటాడు. బోర్డు మీద ‘బలపం’ అని రాసి చదవమంటే లేచి బోర్డు దాకా వెళ్లి, ‘బ’ను వేలితో తడిమి అక్కడే ఆగిపోయాడు, మిగిలిన మాట వెనకనుంచి ఎవరో అందిస్తే గట్టిగా అప్పజెప్పి కూర్చున్నాడు. మధ్యాహ్నం పళ్లెంలో వేసిన గుడ్డును తినకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది ఇంట్లో ఉన్న చెల్లెలి కోసమని, తల్లి తెల్లవారకముందే కూలికి పోతుంది గనుక వీడు పొద్దున ఏమీ తినకుండానే బడికి వస్తాడని, వీడికి కళ్లు సరిగా ఆనవని నాకు చెప్పింది వంట చేసే అక్క. వీడు ఒకటో తరగతిలో చేరిన వారానికే ఆమెకు ఇదంతా తెలిసిపోయిందట.

శాఖాపరంగా చూస్తే ఇది క్షమించరాని తొందరపాటు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం తీసుకునే మనిషి, ఏ శిక్షణ తరగతికీ పోకుండా, ఏ యాప్‌లోనూ లాగిన్ కాకుండా, గరిటె పట్టుకుని నిలబడి పిల్లవాడి కష్టాన్ని కనిపెట్టేస్తే, కనిపెట్టడానికే నియమించిన వ్యవస్థలన్నీ ఏం కావాలి?

ఆ వ్యవస్థలు తక్కువేమీ కావు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుంచి 18 ఏళ్లు వచ్చేదాకా పిల్లలను పరీక్షించి, పుట్టుకతో వచ్చిన లోపాలను, జబ్బులను, పోషకాల లేమిని, ఎదుగుదలలో జాప్యాన్ని ముందే పట్టుకోవాలని సంకల్పించింది. వీటిలో నాలుగోదైన జాప్యం గురించి మన యంత్రాంగానికి ఉన్నంత స్వానుభవం మరెవరికీ ఉండదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వైద్య బృందం రావాలని నియమం. బృందం వచ్చిన రోజున చెల్లెలికి జ్వరం కావడంతో మనవాడు ఇంటి దగ్గర ఉండిపోయాడు. ఏడాదిలో ఇన్ని రోజులుండగా సరిగ్గా అదే రోజున జ్వరం తెచ్చుకోవడం ఆ కుటుంబపు నిర్లక్ష్యం కాక మరేమిటి? కళ్లజోడు మరుసటి ఏటికి వాయిదా పడింది.

చదువు సంగతికి వస్తే, 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం ప్రకారం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే సరికి ప్రతి పిల్లవాడికీ అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న చిన్న లెక్కలు చేయడం రావాలి. అందుకని ఒకటో తరగతి నుంచి వీడికి పరీక్షల మీద పరీక్షలు పెడుతూనే ఉన్నారు. చదవలేడని మొదటి పరీక్షలో తేలింది, రెండో పరీక్షలో తేలింది, మొన్నటి పరీక్షలోనూ తేలింది. మూడేళ్లుగా ఫలితం వెంట్రుకవాసి కూడా చలించలేదంటే కొలతలో లోపం లేదనే కదా అర్థం.

పంతులుగారు చెప్పవచ్చు కదా అని కొందరు అమాయకంగా అడుగుతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న బడికైనా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇక్కడ రెండు కుర్చీలు ఉన్నాయి. అదే చట్టంలోని 27వ సెక్షన్ జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి తప్ప ఉపాధ్యాయులను బోధనేతర పనులకు వాడకూడదంటుంది. నేను చూసిన ఉదయం పంతులుగారు మొదట తన ముఖాన్ని ఫోనుకు చూపి హాజరు వేసుకున్నారు, తర్వాత పిల్లల హాజరు ఎక్కించారు, ఆ తర్వాత భోజనాల లెక్క పంపడానికి సిగ్నల్ దొరక్క ప్రహరీగోడ ఎక్కి నిలబడ్డారు. దీన్ని చట్టంలోని మూడు మినహాయింపుల్లో దేని కింద వేయాలో చాలాసేపు ఆలోచించి, చివరకు విపత్తు కింద వేసుకున్నాను.

కుటుంబాన్ని కూడా ప్రభుత్వం మరచిపోలేదు. ‘తల్లికి వందనం’ కింద తల్లి ఖాతాలో 13,000 రూపాయలు పడతాయి. అయితే బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలి. ఆ ప్రాంతంలో పంటలు ఎత్తిపోయాక ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకోతలకు తరలిపోతాయి. దానిని వారు ‘సుగ్గి’ అంటారు. సుగ్గికి పోయే ఇంటి బిడ్డకు 75 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? అంటే సాయం అవసరమైనవారికి అర్హత ఉండదు, అర్హత ఉన్నవారికి ఊరు విడవవలసిన అవసరం ఉండదు. ఇంత పకడ్బందీ నియమాన్ని రాసిన చేతికి నా వందనం. పిల్లలను ఊళ్లోనే నిలపడానికి సీజనల్ హాస్టళ్లు కూడా ఉన్నాయి. కాకపోతే ఎంతమంది వలస పోయారో లెక్క తేలితే గాని ఎంతమందికి హాస్టల్ కావాలో తెలియదు గనుక, అందరూ వెళ్లేదాకా ఆగడమే వివేకమని పెద్దలు భావించి ఉంటారు.

సంక్రాంతి వెళ్లాక పంతులుగారికి ఫోన్ చేశాను. పిల్లవాడు సుగ్గికి వెళ్లాడట, చెల్లెలిని చూసుకోవడానికి. అతని సంగతి పైనుంచి ఇంతవరకు ఎవరూ అడగలేదు. అయితే ఆ వారం గుడ్ల లెక్కలో ఐదు మిగిలాయి. ఎందుకు మిగిలాయో సంజాయిషీ రాయమని కబురు వచ్చిందట.